తెలుగుపల్లెలకు పుస్తకము వచ్చిన త్రోవ

మీలో ననేకులు పుస్తకము చూడకయే భాగవత పద్యములు చదువగలవారు. రామాయణ మెన్నిసార్లు వింటిరో లెక్క చెప్పలేనివారు. అట్టి మీకు గ్రంథముయొక్క గొప్పతనమును బోధింప బూనుట నా యుద్దేశము గాదు. నేను చెప్పదలచినది వేఱు. అచ్చుపుస్తకము, అందును వచనపుస్తకము, పాండిత్యము లేనివాడు సయితము అరుగుమీద గూర్చుండి తనంతట తాను చదువుకొనదగిన పుస్తకము మన పల్లెల కే త్రోవను వచ్చినది, దాని నెవరు మోసికొని వచ్చిరి, వచ్చి యది యేమి చేసినది? ఇందు కొంత చరిత్ర కలదు, కొంత మా యింటి ముచ్చట కలదు. ఆ యింటిముచ్చటయే లేకున్న ఈ చరిత్రమీద నా కింత యాస పుట్టియుండదు.

అచ్చు రాకముందు గ్రంథము తాటాకులమీద నుండెడిది. ఊరికి రెండో మూడో కట్టలు. అవియు నొకరి యింటి యటకమీద. తక్కినవారందఱును వినువారే. రాత్రి భోజనములైన వెనుక కోవెల మండపమున పౌరాణికుడు పద్యము చదువును, అర్థము చెప్పును, ఊరివారు తల లూతురు. మధ్య నొక ముసలివాడు సందేహ మడుగును. అదియే మన గ్రంథాలయము. దానిని నేను తక్కువ చేసి మాటాడను. చదువు రానివానికి గూడ చదువుయొక్క రుచి నిచ్చిన యేర్పాటది. అయితే ఆ కట్టలో లేనిది వినువానికి దొరకదు. మశూచి యేల వచ్చునో, భూమి యెట్లు తిరుగునో, మన తాతముత్తాతల నే రాజు లేలిరో యా కట్టలో లేదు. మఱియు పౌరాణికుడు ఊరు విడిచి పోయినచో గ్రంథమును ఊరు విడిచి పోయినట్లే.

పిల్లల సంగతి చూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చుయంత్రములు వచ్చిన తర్వాత పల్లెబడిలో మొదట కనబడినది బాలశిక్ష. అక్షరములు, గుణింతములు, ప్రభవాది సంవత్సరముల పేర్లు, నక్షత్రములు, నీతివాక్యములు అన్నియు నందే. మంచి పుస్తకమే. కాని యది వల్లించుటకు పుట్టినది. రేపేమి జరుగునో యని దీపము పెట్టుకొని చదువుటకు గాదు. పిదప 1853 లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను వెలువరించెను. మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములతో, కాకులు, తాబేళ్లు, ఎద్దులు, నక్కలు మాటాడు పుస్తకమది. పిల్లవానికి వలసిన దంతయు నందు గలదు. ఆ వచనము నాకు ప్రాణము. అయినను నిజము చెప్పవలెను గదా: అది వచనమయ్యు పద్యమంత బిగువైనది. గురువు ప్రక్కన లేక దానిని తెఱచిన బాలుడు రెండవ పుట చేరడు. తరతరముల బాలురు ఆ కథలను కథలుగా గాక పరీక్షలుగా చదివిరి.

ఆ బిగువును సడలించినవాడు కందుకూరి వీరేశలింగము. ఆయనయు మొదట చిన్నయసూరి త్రోవనే పట్టి, పిమ్మట తేటవచనమునకు దిగెను. తన వివేకవర్ధని పత్రికలో 1878 లో ఒక కథను ప్రకటింప మొదలిడి, 1880 లో దానిని రాజశేఖరచరిత్రమను పేర పుస్తకముగా నచ్చు వేయించెను. గోల్డ్‌స్మిత్తు వ్రాసిన యొక యింగ్లీషు నవలనుండి దాని కూహ పుట్టినదన్న మాట నిజమే. కాని చదివినవారికి కనబడునది ధవళేశ్వరము, గోదావరి గట్టు, ఇంటనిండ బంధువులు, బంగారము చేసి యిత్తునని నమ్మించి యింటిని గుల్లచేసి పోయిన బైరాగి. అట్టి బైరాగి రాని యూరు మనలో నెవరిదైన నున్నదా? శ్రీరాముని కథగాక రాజశేఖరుడను నొక గృహస్థుని కథను, మనవంటివాని కథను, పుస్తకమున చదువవచ్చునని పల్లెలకు తెలిసినది దానివలననే. పిదప 1890 ల దశకమున చింతామణి పత్రికవారు నవలలకు బహుమానములు పెట్టగా చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు మొదలగువారు వ్రాసిరి. పట్టణములందు నవలలు సాగినవి. పెద్దలు కొందఱు కోపించిరి. పిల్లలు చెడిపోవుదురనిరి. ఆ కోపము నాకును సంక్రమించి యుండెనని తరువాత చెప్పెదను.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన కథకు వచ్చితిని. అది యొక యక్కతమ్ముల కథ.

కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున కొమఱ్ఱాజువారియింట 1874 లో నొక యాడుబిడ్డయు, 1877 లో నొక మగబిడ్డయు పుట్టిరి. ఆమె అచ్చమాంబ. అతడు లక్ష్మణరావు. ఆకాలపు వాడుకచొప్పున అచ్చమాంబకు చిన్ననాటనే పెండ్లి చేసిరి, బడికి పంపలేదు. ఆమె భర్త భండారు మాధవరావుగారు మధ్యపరగణాలలో ఉద్యోగి. తమ్ముడు అక్కగారి యింటనుండి చదువుకొనెను. పగలు బడిలో తాను నేర్చినది రాత్రి యింట అక్కకు నేర్పెను. తెలుగు నేర్పెను, హిందీ నేర్పెను. ఆమె యంతటితో నాగలేదు. కన్నబిడ్డలు పోయిన దుఃఖమునందును పుస్తకము విడువలేదు. దేశమున పేరుగన్న స్త్రీల చరిత్రలను వెదకి వెదకి తెలుగున వ్రాసి, అబలా సచ్చరిత్ర రత్నమాల యనుపేర 1901 లో మొదటి భాగమును వెలువరించెను. 1902 లో ధనత్రయోదశి యను చిన్నకథ వ్రాసెను. గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు 1910 నాటిది; అంతకు నెనిమిదేండ్లు ముందే, బడి ముఖ మెఱుగని యొక స్త్రీ తెలుగున కథ వ్రాసినది. ఒకచేత చరిత్ర, ఒకచేత కథ. 1905 లో, ముప్పదియేండ్ల ప్రాయమున, ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు తానును ఆ వ్యాధిచేతనే గతించెను.

ఆ మఱుసటియేడే, అనగా 1906 లో, లక్ష్మణరావుగారు హైదరాబాదునందు విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. నా మనస్సునకు మాత్రము ఆ రెండు సంవత్సరములును ఎల్లప్పుడు ప్రక్కప్రక్కనే కనబడుచుండును. బడికి పోని యక్క యేమి చదువగలదో కన్నులార చూచినవాడు గనుకనే, బడికి పోని దేశ మేమి చదువగలదో ఆయన ఊహింపగలిగెను.

ఆయన అప్పటికి మునగాల జమీందారుగారికడ దివాను. మునగాల పరగణా కృష్ణాజిల్లాలోనిదే యైనను చుట్టును నిజాము రాజ్యము. ఇటు చెన్నపట్టణపు ప్రభుత్వము, అటు నైజాము. రెండుప్రక్కల తెలుగువారిని ఎఱిగినవాడాయన. అంతకుముందు 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1904 లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును నెలకొల్పుటలో చేయి గలిపినవాడు. తెలుగుబడులు కఱవైన యా రాజ్యమున పుస్తకాలయమే బడి యయ్యెను. మండలి 1908 లో చెన్నపట్టణమునకు తరలినది.

మండలివారి పుస్తకముల పట్టిక చూచినచో నాకొక ముచ్చట తోచును. పదార్థవిజ్ఞానము, రసాయనశాస్త్రము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము, 1910 లో చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మొదటిభాగము. వీనినడుమ రాణీసంయుక్త, విమలాదేవి వంటి నవలలు. శాస్త్రమును కోరువానికి శాస్త్రము, కథను కోరువానికి కథ యని వారు వేఱువేఱు మండళ్లు పెట్టలేదు. ఒకే గ్రంథమాలలో రెండును గూర్చిరి. నవలకొఱకు చేయి చాచిన యువకుని చేతికి రసాయనశాస్త్రమును వచ్చెను. శాస్త్రముకొఱకు చందా కట్టిన తండ్రి యింటికి నవలయు వచ్చెను. తండ్రి చదువకున్న కూతురు చదివెను. అది వర్తకుని యుపాయమో, విద్వాంసుని దూరదృష్టియో నేను చెప్పజాలను. రెండును గావచ్చును.

మండలివారి మొదటి పుస్తకము, 1907 లో వెలువడినది, కథయు గాదు శాస్త్రమును గాదు. అమెరికాదేశాధ్యక్షుడగు అబ్రహాము లింకను చరిత్రము. వ్రాసినవారు కర్నూలు సీమవారైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు. ఈ లింకను 1809 లో అడవిలోని దుంగల గుడిసెలో పుట్టినవాడు. బడిచదువు మొత్తము కలిపినను ఏడాది నిండలేదు. పొయ్యివెలుగున చదివెడివాడు. ఒకసారి పొరుగువానియొద్ద ఎరువు తెచ్చిన వాషింగ్టను చరిత్ర వానకు తడిసి పాడు కాగా, పొరుగువాని పొలమున కూలిచేసి ఆ ఋణము తీర్చెనట. బానిసలైనవారిని విడిపించెను. ఇట్టి చరిత్రము పదునాలుగేండ్ల పిల్లవాడు చదివిన సాహసకథ. వాని తండ్రి చదివిన రాజకీయము. పిల్లల పుస్తక మేది, పెద్దల పుస్తక మేది? ఒకే పుటను ఇద్దఱును వేఱువేఱుగా చదివిరి. దొరతనమువా రెట్లు చదివిరో గాని, 1908 లో బెజవాడ స్వరాజ్య పత్రికలో నొక వ్యాసము కారణముగా హరిసర్వోత్తమరావుగారికి మూడేండ్ల చెఱసాల విధించిరి. విడుదలైన తర్వాత ఆయన తన దీర్ఘజీవితమును గ్రంథాలయములకును, వయోజనవిద్యకును వినియోగించెను. 1960 లో గతించువఱకు నదే పని.

లక్ష్మణరావుగా రంతటితో తృప్తి చెందక సమస్త విషయములును అకారాదిగా తెలుగున గూర్చు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములైనవి, అకార మింకను ముగియలేదు. 1923 జూలైలో నలువదియాఱేండ్ల వయస్సున ఆయన కన్నుమూసిరి. ఆ మూడు సంపుటములను నే నొకసారి చేత బట్టి చూచితిని. ఒక్క యక్షరమునకే యింత యన్న, తక్కిన యక్షరముల మాట తలచుకొని చాలసేపు పలుకలేకపోయితిని.

పుస్తకము లచ్చుపడినవి. పల్లెకు చేర్చుటెవరు? 1914 ఏప్రిలు 10 వ తేదీని బెజవాడ రామమోహన గ్రంథాలయమువద్ద ఆంధ్రదేశ గ్రంథాలయప్రతినిధుల మొదటి మహాసభ జరిగినది. దానిని నడపినవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. అధ్యక్షత వహించినవారు ఇందాక చెప్పిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. చిలకమర్తివారు రేచీకటితో బాధపడి, క్రమముగా చూపునే కోల్పోయినవారు. చదువగలవారి సభకు చదివించుకొని విను పెద్ద అధ్యక్షుడు! మన కోవెల మండపమునుండి వచ్చిన సంప్రదాయ మక్కడను దెగలేదని నాకు సంతోషము. ఆనాటినుండి ఊరూర రెండు బల్లలు, ఒక బీరువా, ఒక దీపము పెట్టి గ్రంథాలయ మనిరి. వేటపాలెమున సారస్వత నికేతనము 1918 నాటిది. 1935 లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా పశ్చిమపు కాలువమీద పెదవడ్లపూడి, కొల్లిపరల నడుమ పడవలో గ్రంథాలయమును నడపిరి. బియ్యము, బెల్లము పోవు కాలువలో పుస్తకములు పోయినవి.

ఇక్కడనే మా యింటి ముచ్చట కలియుచున్నది.

మా యమ్మ పుట్టినిల్లు ఆ కాలువ గట్టుననే. 1935 లో ఆమెకు పదుమూడేండ్లు. అయిదవ తరగతితో చదువు మాన్పించిరి. రేవునకు నీళ్లకు పోయినప్పుడు పడవలో పుస్తకములు కనబడగా, తమ్ముని పేర నొక నవల తెప్పించుకొనినది. వడ్లగాదె చాటున చదివినది. నాలుగవనాడు మా తాతగారికి పట్టుబడినది. తాతగారు పుస్తకము లాగుకొని, ఇందేమున్నదో చూతమని తెఱచి, దీపము కొండెక్కువఱకు చదివిరట. మఱునాడు పడవ వచ్చు వేళకు తామే రేవునకు పోయి, నవల తిరిగి యిచ్చి, "ఇట్టిది మఱియొకటి, ఊరికి పనికివచ్చున దొకటి" యని రెండు తెచ్చిరి. ఆ రెండవది అంటువ్యాధులను గూర్చిన పలుచని పుస్తకము. అట్ట లేదు గనుక పేరు మా యమ్మకు తెలియదు.

కొన్నియేండ్లకు ఆమె మా నాయనగారి యూరికి కాపురమునకు వచ్చినది. నేను పుట్టుటకు ముందటి యొక వేసవిలో ఆ యూర కలరా వ్యాపించినది. గ్రామదేవతకు జాతర చేసిరి. చేయవలసినదే, ఎవరును వలదనలేదు. మా యమ్మ మాత్రము కాలువనీళ్లు కాచక యింట నెవ్వరిని త్రాగనీయలేదు. క్రొత్తకోడలు, అత్తగారికి ఎదురు చెప్పుట! వంటచెఱకు దండుగ చేయుచున్నదని మా నాయనమ్మ నొచ్చుకొన్నది. "పుస్తకంలో ఉందత్తయ్యా" అని మాత్ర మామె చెప్పినదట. మా ప్రక్కవీథిలో ముగ్గురు పోయిరి. మా యింట నెవ్వరును పోలేదు. కాచిన నీళ్లవలననే బ్రతికితిమని నేను ప్రమాణము చేయను. కాని యామె ఆ మాట నాకు చెప్పునప్పుడు ఆ పలుచని పుస్తకము గుర్తుకు వచ్చినంతగా నవలయే గుర్తుకు వచ్చెడిది. "ఆ నవల లేకపోతే నేను చదవడమే మరచిపోయేదాన్నిరా" అనెడిది.

ఇట్టి తల్లి కడుపున పుట్టిన నేను చేసిన పని వినుడు. 1974 లో మా యూరి గ్రంథాలయపు పెత్తనము నాకు వచ్చినది. ముప్పదియేండ్ల వయస్సు, ఊరిని బాగుచేయవలెనని తొందర. బీరువా తెఱచి చూడగా సగము నవలలు. యువకులు చెడిపోవుచున్నారని నవలలన్నియు పై యరలో పెట్టి తాళము వేసితిని. క్రింది యరలలో నీతిగ్రంథములు, వ్యవసాయపు పుస్తకములు, మహాపురుషుల చరిత్రలు ఉంచితిని. పిల్లలకొఱకు 1945 లో పుట్టిన బాల, 1947 లో పుట్టిన చందమామ పాతసంచికలు కొన్ని యుండగా, చినిగిపోవునని వానినిగూడ పై యరకే యెక్కించితిని. మొదటినెల పుస్తకములు తీసికొన్నవారు ముప్పదిమంది. ఆఱవనెల నలుగురు. రిజిస్టరులో నా వ్రాతయే, నా లెక్కయే. క్రింది యరలోని మంచిపుస్తకములను కోరి యెవ్వరును రాలేదు. నవలకొఱకు వచ్చువారే లేకపోగా, వారి చేతికి తోడుగా పోవలసిన వ్యవసాయపు పుస్తకమును కదలలేదు. లక్ష్మణరావుగారు ముడి వేసినదానిని నేను విప్పితిని.

రెండేండ్లైన తర్వాత మా యమ్మ యొకనాడు తనకేదైన నవల తెచ్చిపెట్టు మనగా పై యర తాళము తీసితిని. లోపల చెదలు. అట్టలు నిలిచియున్నవి, లోన మన్ను. చందమామలలో నొక్కటియు మిగులలేదు. ఇంటికి వచ్చి చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడక, "ఒరే అబ్బాయీ, కాలవలో పడవ మీద పెట్టిన పుస్తకాలు తడవలేదు. బీరువాలో తాళం వేసి నువ్వు మట్టి చేశావు" అన్నది. మా తాతగారు బిడ్డచేతినుండి లాగుకొన్న పుస్తకమును తాము చదివి చూచిరి. నేను చదివియు చూడలేదు.

పెద్దలారా, మీకు తెలిసినదే యైనను చట్టపు సంగతి యొకటి చెప్పెదను. 1948 లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయముల చట్టము వచ్చినది. ఆంధ్రప్రదేశమునకు 1960 లో వేఱు చట్టమైనది. దానిచొప్పున ఇంటిపన్నుమీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు పన్ను. మీ పంచాయతి రసీదును తీసి చూడుడు. పుస్తకములు మనకెవ్వరో దానముగా నిచ్చుచున్నవి గావు. బీరువా మనది, తాళము మనది. ఊరిపెద్దలలో నెవరో యొకరి మొలలో తాళపుచెవి యున్నది.

మా యూర నా మొలలోని తాళపుచెవిని నేను నాలుగేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతి చదువు నొక బాలిక కిచ్చితిని. ఆమె నియమము లేమియు పెట్టలేదు. ఒక్కొక్కరికి రెండు పుస్తకములు. ఒకటి వారు కోరినది, రెండవది ఆమె చేతికి వచ్చినది. ఇది ఆమె కెవరు చెప్పిరని యడిగితిని. ఎవరును చెప్పలేదట; ఒక్కటే పట్టుకొని పోయినచో త్వరగా అయిపోవునట. ఆదివారము సాయంకాలము నేనును వరుసలో నిలుచుందును. పోయినవారము నాకు కోరినది ఒక నవల. ఆమె యిచ్చినది మామిడితోటల పెంపకము. చెట్టు లేని నాకు మామిడిపుస్తక మేలనంటిని. "మా నాన్నకు చదివి వినిపించండి తాతగారూ, ఆయనకు తోట ఉంది, చదువు రాదు" అన్నది. ఈ ప్రసంగము ముగించి యూరికి చేరగానే, నేటి రాత్రి వారి యరుగుమీద నాలుగవ ప్రకరణము.